ఫిర్యాదు ఊళ్లోనే... మీట మాత్రం ఢిల్లీలో!

అంతర్జాల వివాదాల్లో ఏ ఠాణాది, ఏ కోర్టుది, ఏ ప్రభుత్వానిది అధికారం?

పొందూరు: సన్ననూలు ఖద్దరుకు పేరెన్నికగన్న ఊరు పొందూరు. ఇక్కడి పంచె ఒకప్పుడు ఖాదీ భండారులోనే దొరికేది. సరుకు నచ్చకపోతే కొన్న దుకాణానికే వెళ్లి అడిగేవారు. మాట తేడా వస్తే ఊళ్లోనే పెద్దమనుషులు ఉండేవారు, లేదంటే ఠాణా ఉండేది. నేడు అదే పేరుతో వస్త్రాలు ఫోను తెరపై కనిపిస్తున్నాయి. అమ్మేవాడు ఒక రాష్ట్రంలో, సొమ్ము జమయ్యే ఖాతా మరో రాష్ట్రంలో, సైటును నడిపే సర్వరు సముద్రాల అవతల ఉంటాయి. ఉదాహరణకు పొందూరులోని ఒక కొనుగోలుదారు ముందుగా సొమ్ము చెల్లించారనుకుందాం. సరుకు రాలేదు, ఫోను మోగినా ఎవరూ ఎత్తడం లేదు. ఈ మోసం ఎక్కడ జరిగినట్టు? ఎవరి గడప తొక్కాలి?

అంతర్జాలానికి ఎల్లలు లేవు. చట్టానికి మాత్రం ఉన్నాయి. ప్రతి ఠాణాకు, ప్రతి కోర్టుకు, ప్రతి ప్రభుత్వానికి ఇంతవరకేనన్న పరిధి ఉంటుంది. ఈ రెండింటి మధ్య పొసగని లెక్కను సరిచేయడానికి మన చట్టాలు పాతికేళ్లుగా ప్రయత్నిస్తున్నాయి. ఈ కాలంలో వచ్చిన మార్పులను గమనిస్తే రెండు సంగతులు తేటపడతాయి. ఫిర్యాదు చేసే హక్కు క్రమంగా బాధితుడి ఊరికి చేరువైంది. సైటును మూయించే అధికారం మాత్రం చాలావరకు దేశ రాజధానిలోనే ఉండిపోయింది.

నేరం ఎక్కడ జరిగినట్టు?

నేరం జరిగిన చోటి కోర్టే దానిని విచారించాలన్నది పాత సూత్రం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 197వ సెక్షన్ కూడా ఇదే చెబుతోంది. అయితే ఉత్తరాల ద్వారా, ఫోను లేదా ఎలక్ట్రానిక్ సందేశాల ద్వారా జరిగే మోసాలకు 202వ సెక్షన్‌లో ప్రత్యేక ఏర్పాటు ఉంది. సందేశం పంపిన చోటి కోర్టుకైనా, అది అందిన చోటి కోర్టుకైనా విచారణాధికారం ఉంటుంది. పాత నేర విచారణ స్మృతిలో 182వ సెక్షన్ చేసిన పని ఇదే. అంటే వల విసిరినవాడు ఎక్కడున్నా, ఆ సందేశం పొందూరులోని ఫోనుకు వచ్చి ఉంటే ఈ ప్రాంతపు కోర్టుకు ఆ కేసు పరాయిది కాదు.

పోలీసుల విషయంలో చట్టం మరో అడుగు ముందుకు వేసింది. నేరం ఏ ప్రాంతంలో జరిగినా సరే, అరెస్టుకు వీలున్న తీవ్రమైన నేరమైతే సమాచారాన్ని ఏ ఠాణాలోనైనా నమోదు చేసుకోవాలని అదే సంహితలోని 173వ సెక్షన్ నిర్దేశించింది. దీనినే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తరువాత కేసును సంబంధిత ఠాణాకు బదిలీ చేస్తారు. ఫిర్యాదును ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ పంపవచ్చు. అలా పంపినవారు 3 రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. 'ఇది మా పరిధి కాదు' అని ఠాణాలో తిప్పి పంపితే జిల్లా ఎస్పీకి లిఖితపూర్వకంగా పంపవచ్చు. అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

సమాచార సాంకేతిక చట్టం కింద నేరాలను దర్యాప్తు చేసే అధికారం తొలుత డీఎస్పీ స్థాయి వారికే ఉండేది. 2008లో చేసిన సవరణ 2009 అక్టోబరు 27న అమల్లోకి వచ్చాక ఇన్‌స్పెక్టరు స్థాయి అధికారికి కూడా ఆ అధికారం లభించింది. దర్యాప్తు మహానగరాల నుంచి సర్కిల్ స్థాయికి దిగివచ్చిందన్న మాట.

ఫిర్యాదు నమోదు కావడం వేరు, పోయిన సొమ్ము తిరిగి రావడం వేరు. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు, అక్కడి నుంచి ఇంకో ఖాతాకు నిమిషాల్లో మారిపోతుంది. ఠాణా పరిధి తేలేవరకు ఆగితే చివరి ఖాతా ఖాళీ అవుతుంది. అందుకే 1930 నంబరును దేశమంతటికీ ఒకే నంబరుగా ఏర్పాటు చేశారు. ఇక్కడ ముందుగా పరిధిని చూడరు, సొమ్ము ఏ బ్యాంకులో ఉందో చూసి ఆపే ప్రయత్నం చేస్తారు. సైబర్ నేరాల జాతీయ పోర్టల్ 2019 నుంచి పనిచేస్తోంది. బాధితుడికి పరిధి కన్నా వేగమే ముఖ్యమన్న గ్రహింపు ఈ ఏర్పాట్ల వెనుక ఉంది.

వినియోగదారుడికి శ్రీకాకుళమే చాలు

ప్రతి వివాదమూ నేరం కాదు. చెప్పిన రకం ఒకటి, పంపిన రకం మరొకటి కావచ్చు. చేనూలు ఖద్దరని చెప్పి మిల్లు గుడ్డ పంపవచ్చు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదుదారు సాధారణంగా అమ్మకందారు ఉన్న చోటుకు వెళ్లాలి, లేదా వివాదానికి కారణం తమ ప్రాంతంలోనే ఏర్పడిందని నిరూపించుకోవాలి. రెండు వేల రూపాయల వస్త్రం కోసం బెంగళూరుకో ముంబయికో ఎవరు వెళ్తారు? ఆ చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. దానిలోని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా ఉద్యోగం చేసే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. పొందూరు వాసికి అది శ్రీకాకుళమే. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషన్ విచారిస్తుంది. 5 లక్షల లోపయితే రుసుము లేదు. ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు.

సైట్ల షరతుల్లో 'వివాదాలన్నీ ఫలానా నగరంలోని కోర్టులకే లోబడి ఉంటాయి' అన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. వ్యాపారుల మధ్య ఒప్పందాల్లో ఇటువంటి షరతుకు విలువ ఉంది. వినియోగదారుల చట్టం ఇచ్చిన మార్గం మాత్రం ఇతర చట్టాలకు అదనమని 100వ సెక్షన్ చెబుతోంది. ఒప్పందంలో మధ్యవర్తిత్వ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరం తలుపు మూసుకుపోదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఆ చిన్నక్షరాలను చూసి వెనుదిరగనక్కర్లేదు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు కూడా ఇక్కడ అక్కరకొస్తాయి. ప్రతి సంస్థా ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. భారతదేశంలోని వినియోగదారులకు క్రమపద్ధతిలో సరుకులు అమ్మే విదేశీ సంస్థలకూ ఈ నిబంధనలు వర్తిస్తాయి.

సైటు తెరుచుకున్నంత మాత్రాన...

ఇంతవరకు కొన్నవారి మాట. మరి నేసినవారి సంగతి? తన పేరును వాడుకుని మరెవరో సరుకు అమ్ముకుంటే ఎక్కడ దావా వేయాలి? సైటు దేశమంతటా తెరుచుకుంటుంది కాబట్టి ఏ ఊరి కోర్టుకైనా అధికారం ఉంటుందా? ఈ ప్రశ్నకు ముఖ్యమైన సమాధానం హైదరాబాదుకు చెందిన ఒక వివాదం నుంచే వచ్చింది. సింగపూర్‌కు చెందిన బన్యన్ ట్రీ హోల్డింగ్ సంస్థ తమ పేరును హైదరాబాదులోని ఒక వ్యాపారి తన ప్రాజెక్టుకు వాడుకున్నారంటూ ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. అటు వాది ఢిల్లీలో లేరు, ఇటు ప్రతివాదీ లేరు. ప్రతివాది సైటు ఢిల్లీలోనూ కనిపిస్తుందన్నది వాది వాదన.

2009 నవంబరులో ఆ హైకోర్టు డివిజన్ బెంచి ఇచ్చిన తీర్పు సారాంశం ఇది: ఒక ప్రాంతంలో సైటు తెరుచుకున్నంత మాత్రాన అక్కడి కోర్టుకు అధికారం రాదు. ఆ ప్రాంతం వారితో వ్యాపారం చేయాలన్న ఉద్దేశంతోనే ప్రతివాది సైటును నడిపినట్టు, అక్కడి వారితో లావాదేవీ జరిపినట్టు, దానివల్ల వాదికి అక్కడ నష్టం కలిగినట్టు ప్రాథమికంగా చూపాలి. తరువాతి అనేక కేసుల్లో కోర్టులు ఈ కొలమానాన్నే ఆధారం చేసుకున్నాయి. ట్రేడ్‌మార్కు నమోదై ఉంటే మాత్రం వాదికి మరో వెసులుబాటు ఉంది. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టంలోని 134వ సెక్షన్ ప్రకారం తాను నివసించే లేదా వ్యాపారం చేసే చోటి జిల్లా కోర్టులోనూ దావా వేయవచ్చు. పేరును నమోదు చేయించుకోవడంలో ఉన్న లాభాల్లో ఇదీ ఒకటి.

ఖాదీ పేరు విషయంలో ఇటువంటి పోరాటం ఇప్పటికే జరిగింది. ఖాదీ మార్కు నిబంధనలు 2013 నుంచి అమల్లో ఉన్నాయి. ఆ గుర్తు లేకుండా ఖాదీ పేరుతో వస్త్రాలు అమ్మడం నిషిద్ధం. ఈ పేరును అనుమతి లేకుండా వాడుకుంటున్నారంటూ ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ ఇచ్చిన నోటీసులతో 2020లో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, స్నాప్‌డీల్ తదితర సంస్థలు 160కి పైగా లింకులను తొలగించాయి. ఊరి సంఘం ఒక్కటే ఇంత పని చేయించుకోవడం కష్టం. పేరుకు చట్టబద్ధమైన రక్షణ, దాని వెనుక ఒక సంస్థ ఉన్నప్పుడే వేదికలు కదులుతాయన్నది ఇక్కడి నేతగాళ్లు గుర్తించాల్సిన విషయం.

సికింద్రాబాద్ నుంచి సుప్రీంకోర్టుకు

'మాది అమెరికా కంపెనీ, ఇక్కడున్నది అనుబంధ సంస్థ మాత్రమే' అన్నది అంతర్జాల సంస్థల నుంచి తరచుగా వినిపించే మాట. ఈ మాటను పరీక్షకు పెట్టిన కేసు మన తెలుగునేల మీదే పుట్టింది. 2008లో గూగుల్ గ్రూప్స్‌లో వెలువడిన రచనలు తమ పరువుకు భంగం కలిగించాయంటూ విశాఖ ఇండస్ట్రీస్ అనే ఆస్బెస్టాస్ సిమెంటు రేకుల సంస్థ సికింద్రాబాద్ మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేసింది. రాసినవారితో పాటు గూగుల్ ఇండియానూ నిందితుల జాబితాలో చేర్చింది. ఆ సేవను నడిపేది అమెరికాలోని మాతృసంస్థేనని, తాము మధ్యవర్తులమే తప్ప ప్రచురణకర్తలం కామని గూగుల్ ఇండియా వాదించింది. కేసు కొట్టివేయాలన్న అభ్యర్థనను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2011లో తోసిపుచ్చింది.

సుప్రీంకోర్టు తీర్పు 2019 డిసెంబరు 10న వెలువడింది. 2009కి ముందున్న 79వ సెక్షన్ పరువు నష్టం కేసుల్లో మధ్యవర్తులకు రక్షణ ఇవ్వలేదని ధర్మాసనం పేర్కొంది. ఆ సేవను నిజంగా ఎవరు నడుపుతున్నారన్నది సాక్ష్యాలతో విచారణలో తేలాల్సిన విషయమని చెప్పి, కేసు కొట్టివేతకు నిరాకరించింది. అంటే 11 ఏళ్ల పోరాటం తరువాత కూడా అసలు విచారణ దగ్గరే నిలిచింది. సామాన్యుడికి ఇంత ఓపిక, ఇంత స్తోమత ఎక్కడివి?

2009 అక్టోబరు తరువాతి కేసులకు సవరించిన 79వ సెక్షన్ వర్తిస్తుంది. దానిని 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. కోర్టు ఉత్తర్వు లేదా ప్రభుత్వ ఆదేశం అందిన తరువాత కూడా తొలగించకపోతేనే మధ్యవర్తి సంస్థ తన రక్షణ కోల్పోతుందని చెప్పింది. 2021 నాటి ఐటీ నిబంధనలు ఇంకొక బాధ్యత పెట్టాయి. 50 లక్షలకు పైగా వినియోగదారులున్న సామాజిక మాధ్యమ సంస్థలు భారతదేశంలోనే నివసించే ఫిర్యాదుల అధికారిని నియమించాలి. పోలీసులతో సమన్వయానికి ఒక అధికారి, చట్టపాలనకు బాధ్యుడైన మరొక అధికారి ఉండాలి. విదేశీ సంస్థకు స్వదేశీ చిరునామా ఉండాలన్నదే దీని ఆంతర్యం.

132 సైట్లు... ఒక లేఖ

ఇక ప్రభుత్వాల సంగతి. రాజ్యాంగం ప్రకారం జూదం, పందేలు రాష్ట్రాల జాబితాలోని అంశాలు. టెలికమ్యూనికేషన్లు కేంద్ర జాబితాలోనివి. ఆన్‌లైన్ జూదం ఈ రెండింటి మధ్య చిక్కుకుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. నిషేధమైతే విధించారు గానీ సైట్లు మాత్రం తెరుచుకుంటూనే ఉన్నాయి. 2020 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్‌మోహన్ రెడ్డి కేంద్ర ఐటీ మంత్రి రవిశంకర్ ప్రసాద్‌కు లేఖ రాస్తూ 132 సైట్లు, యాప్‌లను నిలిపివేసేలా ఇంటర్‌నెట్ సంస్థలను ఆదేశించాలని కోరారు. శాసనసభలో చట్టం చేసిన ప్రభుత్వమే ఆ చట్టాన్ని తెరపై అమలు చేయించుకోవడానికి ఢిల్లీకి లేఖ రాయాల్సి వచ్చిందన్న మాట.

దీనికి కారణం ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్. దేశ భద్రత, సార్వభౌమత్వం, శాంతిభద్రతల వంటి నిర్దిష్ట కారణాలపై ఒక సైటును ప్రజలకు కనిపించకుండా ఆపే అధికారాన్ని ఆ సెక్షన్ కేంద్రానికే ఇచ్చింది. రాష్ట్రం అభ్యర్థించగలదు, ఆదేశించలేదు. 2009 నాటి నిబంధనల ప్రకారం ఆ అభ్యర్థనను కమిటీ పరిశీలిస్తుంది. చివరకు ఆన్‌లైన్ గేమింగ్‌పై కేంద్రమే 2025లో దేశమంతటికీ వర్తించే చట్టం తెచ్చింది. సొమ్ము పెట్టి ఆడే ఆటలను నిషేధించే ఆ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది.

69ఏ కాక మరో దారి కూడా తెరుచుకుంది. 79వ సెక్షన్‌లోని ఒక నిబంధన ఆధారంగా కేంద్రం 2024లో సహయోగ్ పోర్టల్‌ను ప్రారంభించింది. దీని ద్వారా రాష్ట్రాల అధికారులు కూడా తొలగింపు నోటీసులు పంపగలుగుతున్నారు. 69ఏలో ఉన్న రక్షణలు ఇందులో లేవంటూ ఎక్స్ సంస్థ వేసిన పిటిషన్‌ను కర్ణాటక హైకోర్టు సింగిల్ జడ్జి 2025 సెప్టెంబరులో కొట్టివేశారు.

సైటు మూయలేరు... జిల్లాకే నెట్ ఆపగలరు

ఇక్కడొక విచిత్రం ఉంది. ఒక్క సైటును తనంత తాను మూయించలేని రాష్ట్ర ప్రభుత్వం జిల్లా మొత్తానికి ఇంటర్‌నెట్‌ను ఆపగలదు. 2022 మేలో కోనసీమ జిల్లా పేరుకు డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ పేరు చేర్చే ప్రతిపాదనపై అమలాపురంలో హింస చెలరేగినప్పుడు ఆ జిల్లాలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్‌నెట్‌ను నిలిపివేశారు. వదంతులు వ్యాపించకుండా ఆపడం ఉద్దేశం. ఆగింది మాత్రం వదంతులొక్కటే కాదు. నగదు చెల్లింపులు, చదువులు, ఇంటి నుంచి చేసే ఉద్యోగాలు అన్నీ ఆగాయి.

ఈ అధికారానికీ హద్దులున్నాయి. నిరవధికంగా ఇంటర్‌నెట్ ఆపడం చెల్లదని, ఉత్తర్వులను బహిరంగపరచాలని, అవి కోర్టుల సమీక్షకు లోబడి ఉంటాయని అనూరాధా భాసిన్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పింది. 2024 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనలు ఒక్కో ఉత్తర్వు 15 రోజులకు మించరాదని నిర్దేశించాయి.

పరిధి బాధితుడికి చేరువ కావడం మంచిదే. అదే వెసులుబాటు విమర్శకుల నోరు నొక్కడానికీ పనికొస్తుందని 2013 మేలో రాష్ట్రంలోనే రుజువైంది. చీరాల ఎమ్మెల్యేపై, నాటి తమిళనాడు గవర్నరు కె.రోశయ్యపై ఫేస్‌బుక్‌లో వ్యాఖ్యలు చేశారంటూ ఒక పౌరహక్కుల నాయకురాలిని చీరాల పోలీసులు 66ఏ సెక్షన్ కింద అరెస్టు చేశారు. ఆ వెంటనే సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, సీనియరు అధికారుల అనుమతి లేనిదే ఈ సెక్షన్ కింద అరెస్టు చేయరాదంది. 2015 మార్చి 24న ఆ సెక్షన్‌నే కొట్టివేసింది. అయినా పాత అలవాటు పోలేదు. కొట్టివేసిన సెక్షన్ కిందనే పలు రాష్ట్రాల ఠాణాల్లో కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో అదే న్యాయస్థానం దిగ్భ్రాంతి వ్యక్తం చేసింది.

కంబోడియా చెప్పిన పాఠం

దేశం దాటితే చట్టం కాగితం మీద బలంగానే ఉంటుంది. భారతదేశంలోని కంప్యూటరుకు సంబంధించిన నేరాన్ని విదేశంలో ఉండి ఎవరు చేసినా, అతడు ఏ దేశస్థుడైనా, ఐటీ చట్టంలోని 75వ సెక్షన్ వర్తిస్తుంది. భారతీయ న్యాయ సంహితలోనూ ఇటువంటి ఏర్పాటు ఉంది. అయితే మన పోలీసు అక్కడికి వెళ్లి బేడీలు వేయలేడు. ఆ దేశ ప్రభుత్వమో కోర్టో సహకరించాలి. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన వ్యవహారం ఈ లోటును కళ్లకు కట్టింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ ఏజెంట్లు ఉత్తరాంధ్ర యువకులను కంబోడియాకు పంపారు. అక్కడ వారిని నిర్బంధించి, భారతీయులనే మోసగించే పనికి పెట్టారు. ఫోనుకు అటువైపు మాట్లాడేవాడూ ఇటువైపు మోసపోయేవాడూ మనవాళ్లే. నడిపించేవాడు మాత్రం మన చట్టానికి అందనంత దూరంలో ఉన్నాడు. ఊళ్లోని ఏజెంట్లను పట్టుకోవడం పోలీసులకు సాధ్యమైంది. అసలు ముఠాల విషయంలో దేశాల మధ్య సంప్రదింపులే శరణ్యం.

సైబర్ నేరాలపై 2001లో బుడాపెస్ట్‌లో కుదిరిన ఒప్పందంలో భారత్ చేరలేదు. 2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కొత్త ఒప్పందాన్ని ఆమోదించింది. అది అమల్లోకి రావాలంటే 40 దేశాలు దానికి కట్టుబడాలి. అంతవరకు సరిహద్దు అవతలి మోసగాడికి దూరమే రక్ష.

ఇవి గుర్తుంచుకోండి

* సొమ్ము పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయాలి. ఠాణా ఏదో తేల్చుకున్నాక చేద్దామని ఆగరాదు.

* ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు చేయవచ్చు. నిరాకరిస్తే జిల్లా ఎస్పీకి రాయాలి.

* సరుకు, సేవల లోపాలకు ముందుగా సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 1915 జాతీయ వినియోగదారుల సహాయ నంబరు. పరిష్కారం లేకపోతే శ్రీకాకుళంలోని జిల్లా కమిషన్‌ను ఆశ్రయించాలి.

* సందేశాలు, రసీదులు, సైటు చిరునామా భద్రపరచాలి. ఫోనులోని అసలు సమాచారాన్ని చెరపరాదు. కోర్టులో దానికి ధ్రువపత్రం జతచేయాల్సి ఉంటుంది.

* ఐటీ చట్టం కింద కంప్యూటరు, డేటా నష్టాలకు 5 కోట్ల రూపాయల వరకు పరిహారం కోరుతూ రాష్ట్ర ఐటీ కార్యదర్శి ఎదుట దరఖాస్తు చేసుకోవచ్చు. ఆయనే ఈ చట్టం కింద న్యాయనిర్ణయాధికారి.

సైటును మూయించే మీట పొందూరు చేతిలో లేదు, అమరావతి చేతిలోనూ పూర్తిగా లేదు. ఫిర్యాదు చేసే హక్కు మాత్రం ఇప్పుడు గడప దగ్గరే ఉంది. 'మా పరిధి కాదు' అన్న మాట విని వెనుదిరిగితే ఆ హక్కు పుస్తకంలోనే ఉండిపోతుంది.